రెయినియర్ పక్కన చలికాలం: మంచుకు వెళ్ళే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు వచ్చిందంటే అమెరికాలో సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాతెల్, సమామిష్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒకటే మాట: "ఈ వీకెండ్ మంచుకు వెళ్దామా?" వెళ్ళేది చాలాసార్లు మౌంట్ రెయినియర్‌కే. అది 14,410 అడుగుల అగ్నిపర్వతం, ఇంకా చల్లారనిది. కొత్తగా సియాటిల్ వచ్చినవాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు, ఇండియా నుంచి పెద్దవాళ్ళను రప్పించుకున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఎవరినీ భయపెట్టి ఆపాలని కాదు. నెలల తరబడి కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోకుండా అందరూ బయటికి వెళ్ళాలనే నా కోరిక. అయితే ఇక్కడ చలికాలంలో మనుషుల ప్రాణాలు తీసేవి ఎక్కువగా మంచు, చలి, రోడ్డు, చీకటి. అగ్నిపర్వతం సంగతి వాటి తర్వాతే. ఆ వరసలోనే జాగ్రత్తపడాలని నా అభిప్రాయం.

రెయినియర్ నిజంగా పేలుతుందా? పేలితే ముందు తెలుస్తుందా?

పేలగల పర్వతమే. చెప్పుకోదగ్గ విస్ఫోటం జరిగి సుమారు వెయ్యేళ్ళయింది. 1894లో శిఖరం మీద ఆవిరి, పొగ లేచాయని సియాటిల్, టకోమాల నుంచి చూసినవాళ్ళు చెప్పారు. ఇప్పటికీ శిఖరం మీది క్రేటర్‌లో, అంటే అగ్నిపర్వతం నోటి గుంతలో, వేడి ఆవిరి వచ్చే చోట్లున్నాయి. 1870 ఆగస్టులో శిఖరం చేరిన స్టీవెన్స్, వాన్ ట్రంప్ అనే ఇద్దరు ఆ ఆవిరి కరిగించిన మంచు గుహలో రాత్రంతా గడిపి ప్రాణాలు కాపాడుకున్నారు.

ఈ పర్వతాన్ని రోజంతా కనిపెట్టుకుని ఉండేవాళ్ళున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ ఊళ్ళో అమెరికా జియలాజికల్ సర్వే వారి క్యాస్కేడ్స్ వోల్కనో అబ్జర్వేటరీ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌తో కలిసి వాళ్ళు భూకంపాలు, నేల ఉబ్బడం, గ్యాసులు కొలుస్తుంటారు. నేల లోపలి కరిగిన రాయి, అంటే మాగ్మా, పైకి కదిలితే రాళ్ళను పగలగొట్టుకుంటూ రావాలి కాబట్టి చిన్న చిన్న భూకంపాలు వరసగా మొదలవుతాయి. సాధారణంగా రోజులో వారాలో ముందు సూచన దొరుకుతుంది.

2025 జులైలో రెయినియర్ కింద వందల సంఖ్యలో బుల్లి భూకంపాలు వచ్చినప్పుడు మనవాళ్ళు చాలామంది టెన్షన్ పడ్డారు. 2009 తర్వాత అంత పెద్ద గుంపు అదే. అయినా హెచ్చరిక స్థాయి ఆకుపచ్చ నుంచి మారలేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులుంటాయి. బయల్దేరే ముందు ఆ రంగు చూసుకుంటే చాలు. జియలాజికల్ సర్వే సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే రంగు మారినప్పుడు ఈమెయిల్ ఉచితంగా వస్తుంది. ఎవరో పంపిన వీడియో చూసి ట్రిప్ మానుకోవద్దు, దాన్ని నమ్మి ధైర్యంగా బయల్దేరనూ వద్దు.

అసలు భయపడాల్సింది లావాకా?

కాదు, లహార్‌కు. మట్టి, బండరాళ్ళు, కూలిన చెట్లు, కరిగిన మంచునీళ్ళు అన్నీ కలిసి నది లోయ వెంట దూసుకొచ్చే చిక్కటి బురద ప్రవాహమే లహార్. లావా అంత దూరం పారదు, లహార్ పదుల మైళ్ళు వెళ్తుంది.

రెయినియర్ విషయంలో దీన్నే ఎందుకింతగా చెబుతారంటే, అలాస్కా, హవాయిలను పక్కన పెడితే అమెరికాలో మరే శిఖరం మీదా లేనంత హిమానీనదాల మంచు దీని మీదుంది. పైగా లోపలి నుంచి వచ్చే ఆమ్ల గుణం ఉన్న వేడి ఆవిర్లకు వేల ఏళ్ళుగా నాని, పడమటి వైపు రాయి కొన్నిచోట్ల బంకమట్టిలా మెత్తబడింది. సుమారు 5,600 ఏళ్ళ కిందట వచ్చిన ఓసియోలా మడ్‌ఫ్లో అనే లహార్, సియాటిల్ ఒడ్డునున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ దాకా పారింది. ఇవాళ ఊళ్ళున్న లోయల్లో కొన్నిటి అడుగున ఆ బురదే ఉంది. సుమారు 500 ఏళ్ళ కిందటి ఎలక్ట్రాన్ మడ్‌ఫ్లోకు విస్ఫోటం జరిగిన ఆనవాళ్ళు దొరకలేదు. కొండచరియ విరిగి, అదే లహార్‌గా మారిందని శాస్త్రవేత్తల అంచనా. అంటే పర్వతం పేలకపోయినా లహార్ రావచ్చు. నన్ను కలవరపెట్టేది ఈ ఒక్క సంగతే. రోజుల ముందు సూచన దొరుకుతుందన్న మాట ఇలాంటి లహార్‌కు వర్తించదు.

మంచు కప్పుకున్న అగ్నిపర్వతం ఏం చేయగలదో 1985 నవంబరు 13న కొలంబియాలో చూశాం. నెవాడో డెల్ రూయిజ్‌లో జరిగింది చిన్న విస్ఫోటమే. అది కరిగించిన మంచు లహార్‌గా మారి ఆర్మెరో ఊరిని ముంచేసింది. ఆ విషాదంలో మొత్తం 23,000 మంది చనిపోయారు. ప్రమాద పటం అప్పటికే తయారుగా ఉంది. సమయానికి ఊరు ఖాళీ చేయించలేకపోయారు. ఇక్కడ ఆ పొరపాటు జరక్కూడదనే 1998లో రెయినియర్ లోయల్లో లహార్‌ను పసిగట్టే యంత్రాలు పెట్టారు, తర్వాత ఆ వ్యవస్థను పెంచుతూ వచ్చారు. 2024 మార్చిలో ఆ లోయల్లోని ఊళ్ళు ప్యుయాలప్, ఆర్టింగ్ వైపు స్కూళ్ళ పిల్లలు వేల మంది లహార్ డ్రిల్‌లో పాల్గొన్నారు.

మేం రెడ్‌మండ్‌లో ఉంటాం. అక్కడిదాకా వస్తుందా?

రాదు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బాతెల్ లహార్ దారిలో లేవు. బూడిద సంగతంటారా, ఇక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. 1980లో ఇదే రాష్ట్రంలోని మరో అగ్నిపర్వతం సెయింట్ హెలెన్స్ పేలినప్పుడు బూడిద పడి పట్టపగలే చీకటైంది తూర్పున ఉన్న యాకిమాలో, సియాటిల్‌లో కాదు.

ఆర్టింగ్, ప్యుయాలప్ వైపు ఇళ్ళు చవకగా ఉన్నాయి. కొనొచ్చా?

కొనొద్దని నేను అనను. వేల కుటుంబాలు అక్కడ హాయిగా ఉంటున్నాయి. కానీ ఇల్లు చూడటానికి వెళ్ళే ముందే రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన లహార్ పటంలో ఆ అడ్రసు కొట్టి చూడండి. ఒకే పిన్‌కోడ్‌లో లోయలో ఉన్న వీధి, మెట్ట మీద ఉన్న వీధి పూర్తిగా వేరు. లోయలోదే నచ్చితే, ఆ ఇంటి నుంచి ఎత్తు చోటికి కాలినడకన ఎంతసేపు పడుతుందో స్వయంగా నడిచి చూడండి. ఆర్టింగ్‌కు లహార్ గంటలోపే చేరవచ్చని అంచనా, ఆ గంటలో రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. అక్కడ నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12కి సైరన్లు పరీక్షిస్తారు. ఇంటి బేరం ఆ రోజు పెట్టుకుంటే శబ్దం ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. ఇన్సూరెన్స్ పాలసీలో బురద ప్రవాహం కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

రెయినియర్ నేషనల్ పార్కులో ఉండగా లహార్ వస్తే ఎలా గుర్తుపట్టాలి?

నేల చాలాసేపు అదరడం, నది నీళ్ళు ఉన్నట్టుండి పెరగడం, ఎగువ నుంచి గూడ్సు రైలు దూసుకొస్తున్నట్టు ఆగని హోరు. వీటిలో ఏ ఒక్కటి గమనించినా ఫోన్ తీయకుండా, కారు దగ్గరికి పరిగెత్తకుండా, నదికి దూరంగా కొండ పైకి ఎక్కండి. నది మట్టం కంటే 160 అడుగులు పైకి చేరితే సురక్షితం అని పార్కు వారు చెబుతారు. పార్కు లోపలి లాంగ్‌మైర్ లాంటి చోటికి లహార్ నిమిషాల్లో వచ్చేయగలదు కాబట్టి సైరన్ కోసం ఎదురుచూడకూడదు.

పార్కు ప్రవేశద్వారమైన నిస్క్వాలీ గేటు దాటి లాంగ్‌మైర్‌కు వెళ్ళే దారిలో కాట్జ్ క్రీక్ దగ్గర ఒకసారి ఆగండి. 1947 అక్టోబరులో కుండపోత వానకు వచ్చిన బురద ప్రవాహం అక్కడి రోడ్డును 28 అడుగుల లోతున పూడ్చేసింది. అప్పట్లో చచ్చి నిలబడిన చెట్ల మోళ్ళు కొత్త అడవి మధ్యలో ఇప్పటికీ కనిపిస్తాయి. పిల్లలకు లహార్ అంటే ఏమిటో చెప్పాలంటే అంతకంటే మంచి చోటు లేదు.

చలికాలంలో ఏ వైపు వెళ్ళాలి?

రెయినియర్ పార్కులోకి చలికాలంలో కార్లు వెళ్ళే ముఖ్యమైన దారి ఒకటే: ఆష్‌ఫర్డ్ మీదుగా నిస్క్వాలీ గేటు, అక్కడి నుంచి లాంగ్‌మైర్, ఆపైన 5,400 అడుగుల ఎత్తున ప్యారడైజ్. ఎండాకాలంలో మీరు వెళ్ళిన సన్‌రైజ్ రోడ్డు, చినూక్ పాస్, కేయూజ్ పాస్ మూసేస్తారు. జీపీఎస్ ఒక్కోసారి ఆ దారులే చూపిస్తుంది, నమ్మకండి.

ప్యారడైజ్‌లో ఏటా సగటున 50 అడుగులకు పైగా మంచు కురుస్తుంది. 1971-72 చలికాలంలో 1,122 అంగుళాలు, అంటే 93 అడుగులు దాటి పడింది. చాలా ఏళ్ళు అదే ప్రపంచ రికార్డు. దాన్ని 1998-99లో దాటింది కూడా ఇదే రాష్ట్రంలోని మరో అగ్నిపర్వతం, మౌంట్ బేకర్ దగ్గరి స్కీ ఏరియా. పసిఫిక్ తేమంతా ఈ ఎత్తైన కొండలకు తగిలి మంచుగా రాలుతుంది.

స్కీయింగ్ నేర్చుకోవాలంటే క్రిస్టల్ మౌంటెన్ వెళ్ళొచ్చు. స్కీయింగ్ రానివాళ్ళు కూడా గొండోలా (తీగల మీద వెళ్ళే పెట్టె) ఎక్కి పైకి వెళ్తే, మబ్బు లేని రోజున రెయినియర్ నిండుగా ఎదురుగా కనిపిస్తుంది. మా అమ్మ వయసువాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే. పిల్లలు జారుడాడితే చాలనుకుంటే స్నోక్వాల్మీ పాస్ వైపున్న హయాక్ స్నో-పార్క్ (మంచు ఆటలకు వచ్చేవాళ్ళ పార్కింగ్ చోటు) దూరం తక్కువ, దారి సులువు. అక్కడికి విడిగా స్నో-పార్క్ పర్మిట్ కొనాలి, రాష్ట్ర పార్కులకు తీసుకునే డిస్కవర్ పాస్ ఒక్కటే చాలదు.

మాది ఆల్ వీల్ డ్రైవ్. టైర్లకు వేసే మంచు చైన్లు కొనాలా?

కొనాలి. నవంబరు 1 నుంచి మే 1 దాకా రెయినియర్ పార్కులోకి వచ్చే ప్రతి బండిలోనూ, ఆల్ వీల్ డ్రైవ్ అయినా సరే, చైన్లు ఉండి తీరాలి. ఇది నియమం కాబట్టి మాత్రమే చెప్పడం లేదు. ఆల్ వీల్ డ్రైవ్ బండిని ముందుకు లాగడానికి పనికొస్తుంది. దిగేటప్పుడు మంచుగడ్డ కట్టిన మలుపులో ఆగాల్సింది టైర్ల పట్టుతో. ప్యారడైజ్ నుంచి లాంగ్‌మైర్ దాకా అంతా దిగుడే.

చైన్లు కొన్న రోజే ఇంటి డ్రైవ్‌వేలో వేసి, తీసి చూడండి. టైరు పక్కన అంకెలు, ఉదాహరణకు 225/65 ఆర్ 17, పెట్టె మీది జాబితాలో ఉన్నాయో లేదో చూడాలి. చైనును నేల మీద పరిచి మెలికలు తీసి, టైరు వెనక నుంచి లాగి, ముందు లోపలి కొక్కెం తగిలించి, తర్వాత బయటిది బిగించాలి. కొద్ది దూరం నడిపి మళ్ళీ దిగి బిగించాలి, ఎందుకంటే మొదటి బిగింపు తప్పక వదులవుతుంది. డిక్కీలో ఒక పాత టార్పాలిన్ ముక్క, రబ్బరు గ్లవ్స్, నుదుటికి కట్టుకునే లైటు పెట్టుకోండి. ఉన్ని గ్లవ్స్‌తో ఈ పని చేస్తే రెండు నిమిషాల్లో చేతులు తడిసి మొద్దుబారతాయి. అద్దె కారైతే కాంట్రాక్టు చదవండి, చాలా కంపెనీలు చైన్లు వేయనివ్వవు.

ఎన్నింటికి బయల్దేరాలి?

ఈస్ట్‌సైడ్ (బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు) నుంచి ప్యారడైజ్‌కు రెండు నుంచి రెండున్నర గంటలు, మంచు పడుతుంటే ఇంకా ఎక్కువ. లాంగ్‌మైర్ దగ్గర గేటు రాత్రి మూసేసి, ఉదయం రోడ్డు మీది మంచు తీసాకే తెరుస్తారు. తుఫాను రోజుల్లో అసలు తెరవకపోవచ్చు. సిబ్బంది కొరతతో కొన్ని చలికాలాల్లో వారంలో కొన్ని రోజులే తెరిచారు. ఉదయం లేవగానే పార్కు సైట్‌లో రోడ్డు పరిస్థితి చూడండి. డిసెంబరులో సాయంత్రం 4:20కే పొద్దుగూకుతుంది. భోజనాలయ్యాక నింపాదిగా బయల్దేరే అలవాటు ఈ ట్రిప్‌కు పనికిరాదు.

ఏం వేసుకోవాలి?

జీన్స్ వద్దు, కాటన్ ఏదీ వద్దు. తడిసిన కాటన్ ఒంటి వేడిని లాగేస్తుంది, ఇక్కడి మంచు పొడిగా ఉండదు, వెంటనే తడిపేస్తుంది. లోపల సింథటిక్ లేదా ఉన్ని, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు. పిల్లలకు రెండో జత గ్లవ్స్, రెండో జత సాక్సులు తప్పనిసరి. చీర కట్టుకునే అమ్మలకు, అత్తయ్యలకు లోపల థర్మల్, పైన స్నో ప్యాంటు ఇప్పించండి. ఒప్పుకోరు అనుకుంటాం గానీ, ఒకసారి ఆ వెచ్చదనం తెలిశాక వాళ్ళే అడుగుతారు. ఇండియా నుంచి తెచ్చిన మంకీ క్యాప్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఎండ రోజున మంచు మీది మెరుపుకు కళ్ళు దెబ్బతింటాయి, అందరికీ నల్లద్దాలు ఉండాలి. స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి పలకలు), బూట్లు, జాకెట్లు అద్దెకు దొరుకుతాయి. మొదటిసారికి కొనక్కర్లేదు.

పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో ప్యారడైజ్‌లో ఏం చేయొచ్చు?

వీకెండ్లలో విజిటర్ సెంటర్ తెరిచి ఉంటే వెచ్చగా కూర్చోవచ్చు, కిటికీలోంచే పర్వతం చూడొచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు డాక్టర్‌ను అడిగి రావడం మంచిది. ఎత్తు మరీ ఎక్కువ కాదు గానీ, చలిగాలిలో మంచు మీద నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తుంది. జారిపడితే తుంటి ఎముకకే ప్రమాదం కాబట్టి బూట్లకు కట్టుకునే ముళ్ళ పట్టీలు కొనివ్వండి.

పిల్లలు స్లెడ్ మీద జారేది పార్కువారు కేటాయించిన స్నోప్లే ఏరియాలో మాత్రమే. అదీ సరిపడా మంచు పడ్డాకే తెరుస్తారు, కొన్ని ఏళ్ళు తెరవలేదు. ప్లాస్టిక్ సాసర్లు, ట్యూబులు సరే, ఇనుప పట్టీల స్లెడ్లు కుదరవు. రోడ్డు పక్కన మంచు గట్టు కనిపించిందని కారాపి జారనివ్వొద్దు. గట్టు కిందకు దిగే పిల్లవాడు మంచు తీసే బండి డ్రైవర్‌కు కనిపించడు.

స్నోషూయింగ్‌కు ఎక్కడికి వెళ్ళాలి? మంచుచరియల భయం ఉందా?

మొదటిసారైతే నిస్క్వాలీ విస్టా. సుమారు 1.2 మైళ్ళ చుట్టు, చివర్లో నిస్క్వాలీ హిమానీనదం కనిపిస్తుంది. మిర్టిల్ ఫాల్స్ దాకా కూడా వెళ్ళొచ్చు. అంతకు పైన, పనోరమా పాయింట్ వైపు, మంచుచరియలు విరిగే వాలులు మొదలవుతాయి. ఎండాకాలంలో పిల్లలతో ఎక్కిన దారే అయినా చలికాలంలో అది వేరే దారి.

30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ప్రమాదం ఎక్కువ. కొత్త మంచు దండిగా పడ్డాక, గాలి దాన్ని ఒకవైపు పోగేశాక, మంచు మీద వాన కురిశాక మరీ జాగ్రత్తగా ఉండాలి. మన ప్రాంతంలో ఆ మూడోది తరచుగా జరుగుతుంది. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా రోజూ 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయి ప్రకటిస్తుంది. 3 అంటే మధ్యరకం కదా అనుకుంటారు చాలామంది. నేను 3 ఉన్న రోజు వాలుల జోలికే వెళ్ళను. బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార లేకుండా, వాటిని వాడటం నేర్చుకోకుండా నిటారు వాలుల మీదికి ఎవరూ వెళ్ళకూడదు. మంచు కింద కూరుకుపోయిన మనిషిని పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తేనే బతికే అవకాశం బాగా ఉంటుంది. బయటి నుంచి సాయం ఆ వేళకు రాదు, తీయాల్సింది పక్కనున్నవాళ్ళే.

చెట్ల మొదళ్ళ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. దట్టమైన కొమ్మల కింద మంచు పడక, మొదలు చుట్టూ కనిపించని గుంత ఏర్పడుతుంది. దాంట్లో తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. ఫొటో కోసం పిల్లల్ని చెట్టు మొదలుకు ఆనించి నిలబెట్టకండి.

సెయింట్ హెలెన్స్ శిఖరం చలికాలంలో ఎక్కుతారట, నిజమేనా?

నిజమే. చాలామందికి అగ్నిపర్వతం ఎక్కడం అక్కడే మొదలవుతుంది. 1980 మే 18 ఉదయం 8:32కి పేలి 57 మందిని బలితీసుకున్న పర్వతం అది. ఆ రోజు శిఖరం దాదాపు 1,300 అడుగులు తగ్గిపోయింది. 2004 నుంచి 2008 దాకా మళ్ళీ క్రేటర్‌లో లావా గుట్ట పెరిగింది.

చలికాలపు దారి మార్బుల్ మౌంటెన్ స్నో-పార్క్ నుంచి. రానూపోనూ సుమారు 12 మైళ్ళు, 5,700 అడుగుల ఎక్కుడు. 4,800 అడుగులు దాటాలంటే ఏడాది పొడవునా పర్మిట్ ఉండాలి. మంచి దారుఢ్యం, క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ళు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వాడటం వచ్చినవాళ్ళకే ఇది.

పైకి చేరాక క్రేటర్ అంచు నేల అనుకునేది చాలాసార్లు నేల కాదు. గాలి మంచును అంచు దాటించి చూరులా పెంచుతుంది, దాన్నే కార్నిస్ అంటారు. కింద వందల అడుగుల శూన్యం. 2010 ఫిబ్రవరిలో ఫొటో కోసం నిలబడిన ఒకాయన కార్నిస్ విరిగి క్రేటర్‌లోకి పడి చనిపోయారు. ఆయన ఆ పర్వతాన్ని ఎన్నోసార్లు ఎక్కిన మనిషి. అంచుకు బాగా ఇవతలే ఆగిపోండి. లోపలికి తొంగిచూడాలన్న కోరిక ఎండాకాలానికి దాచుకోవాలి.

ఆవిరి వచ్చే చోట మంచు కరిగి వెచ్చగా ఉంటుంది కదా, దగ్గరికి వెళ్ళొచ్చా?

వెళ్ళొద్దు. అగ్నిపర్వతపు గ్యాసులు బరువైనవి, గుంతల్లో నిలుస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌కు వాసనే ఉండదు. పైన మంచు పలచటి కప్పులా ఉండి కాలు పెట్టగానే కూలుతుంది. 2006 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్ మీద అలా ముగ్గురు స్కీ పెట్రోల్ (స్కీ చేసేవాళ్ళ భద్రత చూసే) ఉద్యోగులు చనిపోయారు. వాళ్ళు ఆ కొండ మీదే రోజూ పనిచేసేవాళ్ళు. ప్యారడైజ్ చుట్టుపక్కల మామూలు దారుల్లో ఈ బెడద లేదు. శిఖరాల మీద, ఆరెగాన్ రాష్ట్రపు అగ్నిపర్వతం మౌంట్ హుడ్ పైభాగంలో ఉంది.

తిండి ఏం తీసుకెళ్ళాలి?

పులిహోర, చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, ఫ్లాస్కులో అల్లం టీ. పెరుగన్నం చల్లబడి ఎవరూ తినరు. నీళ్ళ సీసా జాకెట్ లోపల పెట్టుకుంటే గడ్డకట్టదు. పార్కింగ్‌లో నక్క వచ్చి ముందు నిలబడితే ఎంత ముద్దొచ్చినా ఏమీ పెట్టకండి. క్యాస్కేడ్ ఎర్రనక్కలు చాలా అరుదు. తిండి కోసం కార్ల దగ్గరికి అలవాటుపడి వాటి కిందే చస్తున్నాయి. పెట్టడం చట్టరీత్యా నేరం కూడా.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా? మంచులో ఇరుక్కుంటే?

ఆష్‌ఫర్డ్ దాటాక చాలాచోట్ల ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ దారికి వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో, ఆ టైం దాటితే ఎవరికి చెప్పాలో ఊళ్ళో ఒకరికి మెసేజ్ పెట్టి వెళ్ళండి. మబ్బు దిగి ఏమీ కనబడకపోతే వచ్చిన అడుగులు కనిపిస్తున్నంతలోనే వెనక్కి తిరగాలి. కారులో ఇరుక్కుంటే కారు వదలొద్దు. ఇంజన్ వేసే ప్రతిసారీ ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. పది నిమిషాలు వేసి ఆపండి, గాలి వచ్చేవైపు కాకుండా రెండోవైపు కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి. రెండు దుప్పట్లు, పార, టార్చి, ఒక పూట అదనపు తిండి అక్టోబరు నుంచి మే దాకా డిక్కీలోనే ఉంచేయొచ్చు. సిగ్నల్ దొరికితే 911కు చేయండి.